చేనులో నిలిచే కొలత: ఉత్తర తెలంగాణ వ్యవసాయంలో సింగిల్ బోర్డ్ కంప్యూటర్ల పనితీరు మదింపు

పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో రూపొందిన వరి రకం ఏదీ ఒక్క మడిలో వచ్చిన దిగుబడిని చూపి రైతు చేతికి చేరదు. ముందుగా పరిశోధన క్షేత్రంలో చెక్ రకం పక్కన నిలబడాలి. పునరావృతాలలో తేడా గణనీయమని తేలాలి. తరువాత పలు ప్రాంతాలలో, పలు కాలాలలో పరీక్షకు నిలవాలి. చివరకు చిరుసంచుల ప్రదర్శనలో రైతు పొలంలోనే తన గుణాన్ని రుజువు చేసుకోవాలి. ఉల్లికోడును తట్టుకొనే జగిత్యాల సన్నాలు వంటి రకాల మీద రైతులకు నమ్మకం కుదరడానికి ఈ క్రమశిక్షణే పునాది. ఇంతటి జాగ్రత్త పాటించే వ్యవసాయ శాస్త్రం, చేనులోకి వస్తున్న ఎలక్ట్రానిక్ పరికరాల విషయంలో మాత్రం తయారీదారు ప్రకటించిన వేగాన్నో, అంతర్జాలంలో కనిపించే పోలిక పట్టికనో ప్రమాణంగా తీసుకుంటోంది. విత్తనానికి వర్తించే న్యాయం పరికరానికీ వర్తించాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే అభిప్రాయం.

ఒకే ఫలకంపై ప్రాసెసర్, మెమరీ, అనుసంధాన ద్వారాలు అమరిన చిన్న కంప్యూటరును సింగిల్ బోర్డ్ కంప్యూటర్ అంటారు. 2012 ఫిబ్రవరి 29న విడుదలైన రాస్ప్‌బెర్రీ పై ఈ తరగతిని విద్యార్థులకు అందుబాటులోకి తెచ్చింది. 2019లో 1.5 గిగాహెర్ట్జ్ వేగంతో దాని నాలుగవ నమూనా, 2023లో 2.4 గిగాహెర్ట్జ్ వేగంతో అయిదవ నమూనా వచ్చాయి. చిత్రాల విశ్లేషణకు అనువైన జెట్సన్ నానో 2019లో వెలువడింది. పురుగుల బుట్టలోని చిత్రాన్ని చదవడం, నేల తేమను నమోదు చేయడం, ఆకుపై తెగులు లక్షణాన్ని గుర్తించడం వంటి పనులకు ఇవి తగినవని భావిస్తున్నారు. ఉట్నూరు, కెరమెరి, తిర్యాణి వంటి ఏజెన్సీ మండలాలలో మొబైల్ సంకేతం అన్నిచోట్లా ఒకేలా అందదు. చిత్రాన్ని దూరంలోని సర్వరుకు పంపకుండా చేను గట్టునే విశ్లేషించగలిగితే ప్రయోజనం ఉంటుందన్న వాదనలో బలం ఉంది. అయితే ఏ బోర్డు ఆ పనికి తగినదో నిర్ణయించే కొలత ఏదన్నదే అసలు ప్రశ్న.

ప్రామాణిక పరీక్షలు నేర్పిన పాఠం

కంప్యూటర్ల పనితీరును ఒక ప్రామాణిక పనితో కొలిచే పద్ధతిని బెంచ్‌మార్కింగ్ అంటారు. 1972లో బ్రిటన్‌లో రూపొందిన వెట్‌స్టోన్ పరీక్ష దశాంశ గణనల వేగాన్ని కొలిచింది. 1984లో వచ్చిన డ్రైస్టోన్ పూర్ణాంక గణనలను కొలిచింది. లిన్‌ప్యాక్ రేఖీయ సమీకరణాలను సాధించే వేగాన్ని కొలుస్తుంది. ప్రపంచంలోని 500 అగ్రశ్రేణి సూపర్ కంప్యూటర్ల జాబితాకు 1993 నుంచి అదే ఆధారం. 2009లో చిన్న ప్రాసెసర్ల కోసం కోర్‌మార్క్, 2018లో యంత్ర అభ్యసన పనుల కోసం ఎమ్‌ఎల్‌పెర్ఫ్ రూపొందాయి.

ఈ వరుసలో విస్తరణ శాస్త్రవేత్త గమనించదగినది డ్రైస్టోన్ కథ. ఆ పరీక్షకు ఆదరణ పెరిగినకొద్దీ, దానిలోని పనిలో కొంత భాగాన్ని చేయకుండానే దాటవేసే విధంగా కంపైలర్లు తయారయ్యాయి. అంకె పెరిగింది, వినియోగదారుడి పని మాత్రం అంతగా వేగవంతం కాలేదు. ఆ లోపాన్ని సరిదిద్దే ఉద్దేశంతోనే కోర్‌మార్క్ వచ్చింది. పరిశోధన మడిలో ఎక్కువ నత్రజని, సకాలంలో నీరు అందినప్పుడు మాత్రమే దిగుబడినిచ్చే వరి రకం వంటిదే ఈ పరిస్థితి. ఆ దిగుబడి అబద్ధం కాదు, కానీ చివరి ఆయకట్టు రైతు మడికి అది వర్తించదు. ప్రతి పరీక్షా ఒక నిర్దిష్టమైన పనిని కొలుస్తుంది. చేనులో జరగవలసిన పని ఆ పనిని పోలి ఉన్నంత మేరకే ఆ అంకెకు విలువ ఉంటుంది.

పత్తి చేనులో పని ఏమిటి?

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా నల్లరేగడులలో పత్తి ప్రధాన పంట. గులాబీ రంగు పురుగు రెండు జన్యువుల బీటీ పత్తిని సైతం తట్టుకొనే శక్తిని సంతరించుకున్న తరువాత, లింగాకర్షక బుట్టల ద్వారా నిఘా ఉంచడం తప్పనిసరి సిఫారసుగా మారింది. వరుసగా మూడు రాత్రులు ఒక్కొక్క బుట్టలో 8 చొప్పున తల్లి పురుగులు పడితే, లేదా పూలలో, కాయలలో 10 శాతం నష్టం కనిపిస్తే నివారణ చర్యకు పూనుకోవాలన్నది ఆర్థిక నష్ట పరిమితి.

ఈ సిఫారసును కంప్యూటరు పనిగా అనువదించి చూస్తే బెంచ్‌మార్క్ స్వరూపమే మారిపోతుంది. పురుగు రాత్రి పడుతుంది. లెక్క ఉదయం ఒక్కసారి చాలు. అంటే బోర్డు రోజుకు ఒక చిత్రాన్ని విశ్లేషిస్తే సరిపోతుంది. ఒక బోర్డు ఆ పనిని 2 సెకన్లలో, మరొకటి 20 సెకన్లలో ముగించిందనుకుంటే, పోలిక పట్టికలో మొదటిది పది రెట్లు మేలైనది. రైతుకు మాత్రం రెండూ సమానం, ఉదయం 6 గంటల 2 సెకన్లకు వచ్చిన సమాచారానికీ 6 గంటల 20 సెకన్లకు వచ్చిన సమాచారానికీ సస్యరక్షణలో తేడా లేదు.

తేడా తెచ్చేది "వరుసగా మూడు రాత్రులు" అన్న నియమం. ఒక బోర్డు నూటికి 90 రాత్రులు సక్రమంగా నమోదు చేస్తుందనుకుందాం. వినడానికి అది మంచి ఫలితమే. కానీ ఏ మూడు వరుస రాత్రులను తీసుకున్నా మూడింటికీ లెక్క దొరికే అవకాశం 73 శాతం మాత్రమే. నూటికి 99 రాత్రులు పనిచేసే బోర్డుకు అదే అవకాశం 97 శాతం. మొదటి బోర్డును నమ్ముకున్న రైతు, నాలుగింట ఒక పర్యాయం నష్ట పరిమితి దాటిందో లేదో తెలియని స్థితిలో ఉంటాడు. ప్రాసెసరు వేగాన్ని కొలిచే ఏ పరీక్షలోనూ ఈ అంకె కనిపించదు.

గడియారం విషయమూ ఇలాంటిదే. రాస్ప్‌బెర్రీ పై అయిదవ నమూనాకు ముందు వచ్చిన బోర్డులలో విద్యుత్తు ఆగినా కాలాన్ని గుర్తుంచుకొనే గడియారం లేదు. నెట్‌వర్క్ అందని చోట విద్యుత్తు ఒకసారి పోయి వస్తే తేదీ తప్పుతుంది. పురుగుల లెక్క సరిగానే ఉన్నా రాత్రుల వరుస తప్పుతుంది. కొద్దిపాటి ఖర్చుతో విడిగా అమర్చుకొనే గడియారపు చిప్ ఈ లోపాన్ని తీరుస్తుంది. అయితే పరీక్షలో తేదీల శుద్ధతను కూడా ఒక అంశంగా చేర్చినప్పుడే ఆ అవసరం బయటపడుతుంది.

విద్యుత్తు లెక్క

చేను గట్టున పరికరానికి ఆధారం సాధారణంగా చిన్న సౌర ఫలకం, ఒక బ్యాటరీ. ఏ పనీ చేయకుండా మెలకువగా ఉన్నప్పుడే సుమారు 3 వాట్లు తీసుకొనే బోర్డు రోజుకు 72 వాట్ అవర్లు ఖర్చు చేస్తుంది. అంగడిలో సులభంగా దొరికే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది 84 వాట్ అవర్లు. దాని ఆయుష్షు దెబ్బతినకుండా వాడుకోగలిగినది సుమారు సగం, అనగా 42 వాట్ అవర్లు. శ్రావణ భాద్రపదాలలో ముసురు పట్టి సూర్యుడు కనిపించకపోతే ఆ బ్యాటరీపై బోర్డు 14 గంటలు నడుస్తుంది. మూడు రాత్రుల లెక్క మొదటి రాత్రితోనే ఆగిపోతుంది.

ఇందుకు భిన్నంగా, అతి తక్కువ విద్యుత్తు తీసుకొనే మైక్రోకంట్రోలరు ఒకటి కాపలా ఉండి, ఉదయం పది నిమిషాలపాటు మాత్రమే బోర్డును మేల్కొలిపితే, ఆ సమయంలో 6 వాట్లు ఖర్చయినా రోజుకు అయ్యేది 1 వాట్ అవర్. అదే బ్యాటరీ కొన్ని వారాలు నిలుస్తుంది. పైన చెప్పిన 2 సెకన్లకూ 20 సెకన్లకూ మధ్యనున్న 18 సెకన్ల తేడాను ఇదే లెక్కలో చూస్తే 6 వాట్ల చొప్పున 0.03 వాట్ అవర్లు. నిద్ర, మెలకువల ఏర్పాటు వలన కలిగే ఆదా 71 వాట్ అవర్లు. అంతర్జాలపు పట్టికలు మొదటి తేడా చుట్టూ తిరుగుతుంటాయి. చేనులో పరికరం బతకడం రెండవ తేడాపై ఆధారపడి ఉంటుంది.

విద్యుత్ లైను అందుబాటులో ఉన్నచోట సమస్య వేరు. హఠాత్తుగా సరఫరా ఆగినప్పుడు మెమరీ కార్డుపై రాత మధ్యలో తెగిపోయి కార్డు చెడిపోయే ప్రమాదముంది. నాసిరకపు ఛార్జరు, పొడవైన సన్నని తీగ వాడితే 5 వోల్టులు అందవలసిన చోట తక్కువ అందుతుంది. రాస్ప్‌బెర్రీ పై బోర్డులలో వోల్టేజి పడిపోయిందా, వేడికి వేగం తగ్గిందా అన్న విషయాన్ని వ్యవస్థ తానే గుర్తుంచుకుంటుంది. ఒక చిన్న ఆదేశంతో దానిని చదవవచ్చు. బోర్డు తిరిగి మొదలైతే ఆ గుర్తు చెరిగిపోతుంది కనుక ప్రతిరోజూ నమోదు చేయడం మంచిది.

పంటను బట్టి వాతావరణ పరీక్ష

ఉత్తర తెలంగాణ వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మూసిన ప్లాస్టిక్ పెట్టెలో, నేరుగా ఎండలో, లోపలి గాలి మరింత వేడెక్కుతుంది. రాస్ప్‌బెర్రీ పై నాలుగవ నమూనా చిప్ 80 డిగ్రీలకు చేరగానే తన వేగాన్ని తానే తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. చల్లని ప్రయోగశాలలో అయిదు నిమిషాలు నడిపి తీసిన వేగపు అంకె ఆ పెట్టెలో మధ్యాహ్నం రెండు గంటలకు నిలవదు.

అయినా వేడి ఒక్కటే పరీక్ష అనుకోవడం పొరపాటు. పత్తిలో చిత్రం తీసేది తెల్లవారుజామున. పంటకాలం వానాకాలంతో మొదలై చలికాలంలోకి సాగుతుంది. అక్కడ శత్రువు ఎండ కాదు. ఆగస్టులో పెట్టెలోకి చేరే తేమ, డిసెంబరులో ఆదిలాబాద్ చలికి కెమెరా అద్దంపై పట్టే మంచు, చలిలో తగ్గే బ్యాటరీ సామర్థ్యం అక్కడ అసలు అవరోధాలు. జగిత్యాల మామిడి తోటలో పండు ఈగ నిఘాకు అదే బోర్డును ఏప్రిల్, మే నెలలలో వాడితే ఎండ ప్రధానమవుతుంది. ఒకే పరికరం, ఒకే ఉమ్మడి ప్రాంతం. పంట మారగానే పరీక్ష మారుతుంది. వరిలో ఖరీఫ్ రకాన్నీ యాసంగి రకాన్నీ వేర్వేరుగా పరీక్షించే శాస్త్రానికి ఈ విషయాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

చేతి లెక్కే చెక్

వేగం పెంచడానికి, విద్యుత్తు తగ్గించడానికి యంత్ర అభ్యసన నమూనాలలోని సంఖ్యలను కుదించి 8 బిట్లకు మార్చడం పరిపాటి. దానివలన పని తేలికవుతుంది. గుర్తింపులో కొంత నష్టం కలగవచ్చు. అందుచేత వేగాన్ని చెప్పే ఏ పట్టిక అయినా గుర్తింపు శుద్ధతను పక్కనే చెప్పకపోతే అసంపూర్ణమే. శుద్ధతను సైతం ఒకే శాతంగా చెప్పడం చాలదు. ఉన్న పురుగును వదిలివేయడం ఒక తప్పు. లేని పురుగును లెక్కించడం మరొక తప్పు. మొదటి తప్పుకు రైతు కాయలతో మూల్యం చెల్లిస్తాడు, రెండవదానికి అనవసరపు పిచికారీతో. గులాబీ రంగు పురుగు తల్లి పురుగు సెంటీమీటరు కూడా లేని చిన్న రెక్కల పురుగు. దుమ్ము, ఊడిన రెక్కల పొలుసులు, ఇతర కీటకాలు కలిసిన బుట్టలో దానిని లెక్కించడం శుభ్రమైన ప్రయోగశాల చిత్రంలో లెక్కించినంత సులువు కాదు.

ఈ పరీక్షలో చెక్ రకం స్థానం చేతి లెక్కదే. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి చొప్పున క్లస్టర్లు ఏర్పాటై, రాష్ట్రమంతటా 2,601 రైతు వేదికలు నిర్మాణమయ్యాయి. 5,000 ఎకరాలలోని బుట్టలను ఒక్క అధికారి ప్రతి ఉదయం చూడలేరు. బోర్డు ఆదుకోవలసిన లోటు అదే. అందుకే ఆ అధికారి లేదా శిక్షణ పొందిన విద్యార్థి అదే బుట్టను అదే ఉదయం విప్పి లెక్కించిన అంకెతోనే బోర్డు అంకెను పోల్చాలి.

ప్రతిపాదిత పరీక్షా విధానం

బోర్డు నమూనాలను ట్రీట్‌మెంట్లుగా, ప్రదేశాలను బ్లాకులుగా తీసుకొని యాదృచ్ఛిక బ్లాక్ పద్ధతిలో ఈ పరీక్షను నిర్వహించవచ్చు. ఆదిలాబాద్ వ్యవసాయ పరిశోధన స్థానం, పొలాస క్షేత్రం, జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రం పరిధిలోని ఒక గ్రామం, ఉట్నూరు ప్రాంతంలో నెట్‌వర్క్ బలహీనంగా ఉన్న ఒక గూడెం నాలుగు భిన్న పరిస్థితులకు ప్రాతినిధ్యం వహించగలవు. ప్రతి నమూనా నుంచి ఒకే బోర్డును కొని ఫలితం ప్రకటించకుండా, ప్రతి ప్రదేశంలోనూ కనీసం మూడు బోర్డులు ఉండాలి. విత్తిన 45 రోజుల నుంచి చివరి తీత వరకు పరిశీలన సాగాలి.

నమోదు చేయవలసిన అంశాలు ఆరు: మొత్తం రాత్రులలో సక్రమంగా లెక్క దొరికిన రాత్రులు, చేతి లెక్కతో పోల్చినప్పుడు వదిలివేసిన, అదనంగా లెక్కించిన పురుగులు, రోజువారీ విద్యుత్ వినియోగం, సరఫరా ఆగి వచ్చిన తరువాత మనిషి ప్రమేయం లేకుండా బోర్డు తిరిగి పనిచేసిన సందర్భాలు, వేడి లేదా తక్కువ వోల్టేజి వలన వేగం తగ్గిన రోజులు, బ్యాటరీ, పెట్టె, మెమరీ కార్డు, మరమ్మతు కలుపుకొని ఒక పంటకాలానికి అయిన మొత్తం ఖర్చు. ప్రాసెసరు వేగాన్ని ఏడవ అంశంగా చేర్చవచ్చు. మొదటి అంశంగా మాత్రం కాదు.

ఫలితాల విశ్లేషణకు కొత్త గణితం అవసరం లేదు. విద్యార్థులు రెండవ సంవత్సరంలోనే నేర్చే వైవిధ్య విశ్లేషణ, క్రిటికల్ డిఫరెన్స్ ఇక్కడా సరిపోతాయి. రెండు బోర్డుల మధ్య తేడా క్రిటికల్ డిఫరెన్స్‌ను దాటకపోతే అవి సమానమని ప్రకటించి, చౌకైనదానిని సిఫారసు చేయాలి. ఒకే బోర్డుపై ఒకే పర్యాయం తీసిన అంకెలతో గెలుపోటములు నిర్ణయించే పట్టికలలో కొరవడినది ఈ నియమమే.

ఆక్షేపణలు, సమాధానాలు

ప్రతి ఇంటా స్మార్ట్‌ఫోన్ ఉండగా ప్రత్యేక బోర్డు ఎందుకన్నది మొదటి ఆక్షేపణ. ఇది బలమైన ఆక్షేపణే. బుట్టలోని పురుగులను ఫోన్‌తో చిత్రం తీసి లెక్కించే అనువర్తనాలు దేశంలో ఇప్పటికే వాడుకలోకి వచ్చాయి. అందువల్ల పరీక్షలో ఫోన్‌ను కూడా ఒక ట్రీట్‌మెంట్‌గా చేర్చడమే న్యాయం. రైతు ప్రతి ఉదయం బుట్ట వద్దకు వెళ్లగలిగిన చోట ఫోన్ మేలని తేలితే, ఆ మాటే సిఫారసు కావాలి. ఊరికి దూరంగా, అడవి అంచున ఉన్న చేలలో బోర్డు మేలని తేలవచ్చు.

పరీక్ష ముగిసేలోగా కొత్త నమూనా వస్తుంది కదా అన్నది రెండవది. వరిలోనూ ప్రతి ఏటా కొత్త రకాలు పరీక్షకు వస్తూనే ఉంటాయి. రాజేంద్రనగర్ కేంద్రంగా 1965లో మొదలైన అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకం ఆ కారణంతో ఆగిపోలేదు. రకాలు మారాయి, పరీక్షా క్రమం, చెక్‌తో పోల్చే నియమం నిలిచాయి. నిలకడైన పరీక్ష చేతిలో ఉంటే కొత్త బోర్డును ఒక పంటకాలంలో తూచవచ్చు. సి-డాక్ రూపొందించిన వేగా ప్రాసెసర్ల వంటి దేశీయ ప్రయత్నాలు ముందుకు సాగినప్పుడు వాటినీ అదే తక్కెడలో తూచవచ్చు.

ఇది ఇంజినీర్ల పని అన్నది మూడవది. బోర్డు, బ్యాటరీ, పెట్టె అమరిక ఇంజినీర్ల పనే. సంగారెడ్డిలోని వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల సహకారం అందుకు అవసరం. కానీ నష్ట పరిమితి ఏమిటో, ఏ తప్పుకు రైతు ఎంత మూల్యం చెల్లిస్తాడో తెలిసినది కీటక శాస్త్రవేత్తకు, విస్తరణ శాస్త్రవేత్తకు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో గ్రామాలలో ఉండే విద్యార్థులు ప్రతి ఉదయం చేతి లెక్క తీసే బాధ్యతను స్వీకరిస్తే, ఖర్చులో పెద్ద భాగం తగ్గడమే కాక వారికి ప్రయోగ రూపకల్పన ప్రత్యక్షంగా అలవడుతుంది.

రైతుకు పట్టింపు ఎందుకు?

యంత్రం చెప్పిన అంకె తన ఆదాయాన్ని ఎలా నిర్ణయిస్తుందో ఆదిలాబాద్ పత్తి రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. మార్కెట్ యార్డులో తేమ కొలిచే పరికరం 8 శాతం చూపితే పూర్తి మద్దతు ధర. 12 శాతం వరకు అంతకంతకూ కోత. ఆపై కొనుగోలే లేదు. ఒకటి రెండు అంకెల తేడా క్వింటాళ్లపై పడినప్పుడు అది పిల్లల ఫీజు అవుతుంది, తీరని అప్పు అవుతుంది. ప్రతి సీజన్‌లో యార్డులో రేగే వాదం చివరకు ఆ చిన్న పరికరం సరైనదేనా అన్న ప్రశ్న దగ్గరకే వస్తుంది. రేపు చేనులోని బోర్డు ఇచ్చే పురుగుల లెక్కపై పిచికారీ సలహాలు, ఎల్లుండి పంట బీమా నిర్ణయాలు ఆధారపడితే అదే ప్రశ్న చేను గట్టుకు వస్తుంది. అప్పుడు వేగపు పట్టిక చూపి రైతుకు జవాబు చెప్పలేరు.

కనుక విశ్వవిద్యాలయం గాని, శాఖ గాని ఇటువంటి పరికరాలను పెద్ద సంఖ్యలో కొనుగోలు చేయడానికి ముందు, కనీసం ఒక పంటకాలపు బహుళ ప్రాంత పరీక్ష ఫలితాన్ని తప్పనిసరి చేయాలి. ఆ ఫలితాలు అనుకూలమైనా ప్రతికూలమైనా ప్రచురణ పొందాలి. పరీక్షించిన బోర్డులలో ఏదీ చేతి లెక్కకు సరితూగలేదని తేలితే, అది వైఫల్యం కాదు. ఆ ఏడాది వందలాది రైతులను తప్పుడు లెక్క నుంచి కాపాడిన ఫలితం. పరీక్షకు నిలవని రకాన్ని విడుదల చేయకుండా ఆపడం కూడా ప్రజననకర్త బాధ్యతలో భాగమే. ఆ బాధ్యతను పరికరాలకు విస్తరించడానికి కావలసిన క్షేత్రాలు, మనుషులు, గణాంక పద్ధతులు ఉత్తర తెలంగాణలో ఇప్పటికే ఉన్నాయి. రాబోయే వానాకాలంలోనే పని మొదలుపెట్టవచ్చు.